పాటల రచన కార్యశాలలు

పాటలు రాసేవాళ్లు, బాణీలు కట్టేవాళ్లు ఒకచోట కూర్చుని, ఇంకా పచ్చిగా ఉన్న పాటను ఒకరికొకరు పాడి వినిపించుకుని, విన్నవాళ్ల మాటను బట్టి దిద్దుకునే ఏర్పాటే పాటల రచన కార్యశాల. వర్క్‌షాప్ అన్న మాటే వాడుకలో ఎక్కువ. ఉద్యమ సంఘాల్లో శిబిరం అంటారు. గురుకులంలో గురువుకు తెలుసు, శిష్యుడు నేర్చుకుంటాడు. పోటీలో న్యాయనిర్ణేత మార్కులు వేస్తాడే గానీ తాను పాట తేడు. కార్యశాలలో మాత్రం ఇప్పుడు వంక పెట్టినవాడి పాట ఇంకో పావుగంటలో అందరి ముందుకూ రావాలి. ఇక్కడి మాటకు బరువునూ మర్యాదనూ తెచ్చిపెట్టేది ఈ షరతే. అది సడలిన చోటల్లా కార్యశాల మెల్లగా తరగతి గదిగానో దర్బారుగానో మారిపోయిందని చరిత్ర చూస్తే తెలుస్తుంది.

పరాయి చెవి అవసరం

కవితను పాఠకుడు వెనక్కి తిప్పి మళ్లీ చదువుకోగలడు. పాట వినేవాడికి ఆ వీలు లేదు. చెవిన పడ్డ వరసలో, పడ్డ వేగంలో అర్థం కావాలి. రాసినవాడికేమో తాను రాసింది ముందే తెలుసు. తన పాటలో ఏ మాట వినపడటం లేదో కనిపెట్టడానికి అందరికంటే తక్కువ పనికొచ్చేవాడు అతనే.

తెలుగులో ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. హ్రస్వం దీర్ఘమైతే అర్థమే మారిపోయే భాష ఇది. ‘కలం’ అన్న మాటలో మొదటి అక్షరం బాణీలో సాగే స్వరం మీద పడిందంటే వినేవాడికి ‘కాలం’ అని వినపడుతుంది. ‘పడు’ సాగితే ‘పాడు’ అయి కూర్చుంటుంది. మూడు లఘువుల మాటను నాలుగు మాత్రల చోట పెడితే మిగిలిన మాత్రను ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. చివరి అక్షరం మీద సాగదీస్తే చెల్లిపోతుంది, మొదటిదాని మీద సాగదీస్తే మాట చెడుతుంది. ఊపిరి తీసుకునే చోటుదీ అదే తంతు. ‘కలత లేని ఇల్లు’ అని ఒకరు రాశారనుకుందాం. బాణీ ‘కల’ దగ్గర విరిగితే శ్రోత ముందు ఒక కలను ఊహించుకుంటాడు, ఆ తర్వాత వచ్చిన ‘తలేని’ ఏమిటో తెలియక తడబడతాడు. అతను తేరుకునేలోపు పాట రెండో పాదంలో ఉంటుంది. కాగితం మీద ఈ తప్పు కనిపించదు. రాసినవాడు నూరుసార్లు పాడుకున్నా వినిపించదు. మొదటిసారి వింటున్న పక్కవాడు మాత్రం వెంటనే పట్టేస్తాడు, అది కూడా ఛందస్సు తెలిసి కాదు, అర్థం కాక.

గిల్డులు, ఉస్తాదులు

పాటకట్టేవాళ్లు సంఘంగా ఏర్పడి ఒకరి పాటను ఒకరు తూచడం యూరప్‌లో ఏడు వందల ఏళ్ల నాటి మాట. 1323లో ఫ్రాన్స్ దక్షిణాన తులూజ్ పట్టణంలో ఏడుగురు కలిసి ఒక కవిగాయక సభ స్థాపించారు. మరుసటి ఏడు మే నెలలో జరిగిన మొదటి పోటీలో ఆర్నో విదాల్ అనే కవి బంగారు వయొలెట్ పువ్వు గెలుచుకున్నాడు. కొన్నాళ్లకు ఆ సభ తరఫున గిలెం మొలినియే ‘లేస్ దామోర్స్’ అనే లక్షణ గ్రంథం కూర్చాడు. తీర్పు చెప్పాలంటే నియమాలుండాలి. నియమాలు పుస్తకానికెక్కాక ఆ పుస్తకమే పాటకు యజమాని అవుతుంది. తులూజ్ సభలో అదే జరిగింది.

ఇంతకంటే ఆసక్తికరమైన వాళ్లు 15, 16 శతాబ్దాల జర్మన్ పట్టణాల మైస్టర్‌సింగర్లు. వీళ్లు ఆస్థాన కవులు కారు. చెప్పులు కుట్టేవాళ్లు, నేతగాళ్లు, దర్జీలు, రొట్టెలు కాల్చేవాళ్లు పని దినాల్లో పని చేసుకుని, సెలవు రోజుల్లో చర్చిలో కూడి పాటలు పాడేవారు. న్యూరెంబర్గ్ వీళ్లలో పేరు మోసిన పట్టణం. అక్కడి హాన్స్ సాక్స్ (1494–1576) వృత్తికి చెప్పులు కుట్టేవాడు. ఈ సంప్రదాయంలో నాలుగు వేలకు పైగా పాటలు కట్టాడు. పాడే మనిషి కుర్చీలో కూర్చుంటే, ‘మెర్కర్’లనే పరీక్షకులు తెర చాటున కూర్చుని తప్పులు గుర్తుపెట్టేవారు. పనిని పంచుకునేవారు కూడా: విషయం బైబిలుకు సరిపోతోందా అని ఒకరు, అక్షరాల లెక్క ఒకరు, ప్రాస ఒకరు, బాణీ ఒకరు. గెలిచినవాడికి దావీదు రాజు బొమ్మ ఉన్న గొలుసు దక్కేది. మెట్లు కూడా వృత్తి సంఘాల తరహాలోనే ఉండేవి. నియమాలు నేర్చేవాడు, ఇతరుల బాణీలు పాడేవాడు, ఇతరుల బాణీకి కొత్త మాటలు కట్టేవాడు, ఇవన్నీ దాటి సొంత బాణీ కట్టినవాడే మైస్టర్. 1868లో వాగ్నర్ తన ఆపెరాలో ఈ తప్పుల లెక్కను బాగా ఎగతాళి చేశాడు. ఎగతాళికి తగిన పిడివాదం వీళ్లలో ఉన్నమాట నిజమే. అయినా పని చేసుకుని బతికే జనం పాటను పనిలాగే నేర్చుకోవచ్చని నమ్మి, ఆ నమ్మకం మీద శతాబ్దాల పాటు సంఘాలు నడపడం చిన్న సంగతి కాదు. మెమ్మింగెన్ పట్టణంలోని చివరి సంఘం 1875 దాకా బతికింది.

మన వైపు పద్ధతి నిలువుది, అంటే పైనుంచి కిందికి. ఉర్దూ కవిత్వంలో శిష్యుడు గజల్ రాసి ఉస్తాదుకు చూపిస్తే ఆయన మాట మార్చో, పాదం తిరగరాసో ఇచ్చేవాడు. దాన్ని ‘ఇస్లాహ్’ అంటారు. హైదరాబాదులో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు కవితా గురువుగా ఉన్న దాగ్ దెహల్వీ ఈ పనిలో దిట్ట. 1905లో ఇక్కడే కన్నుమూశాడు. పంజాబులో చదువుకుంటున్న యువ ఇక్బాల్ తన గజళ్లను దిద్దించుకోవడానికి ఉత్తరాల ద్వారా ఆశ్రయించింది దాగ్‌నే. ఉస్తాదు తప్పును చూపించడంతో ఆగడు, దాన్ని తానే సరిచేసి ఇస్తాడు. సాటివాళ్ల కూటమికి అంత అధికారం ఉండదు. ఆ అధికారం లేకపోవడమే దానికి మేలు చేసిందని నా అభిప్రాయం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

న్యూయార్క్ నాటక కార్యశాల

ఇప్పటి అర్థంలో కార్యశాలకు అన్నిటికంటే గట్టి నమూనా న్యూయార్క్‌లో ఉంది. అమెరికాలో పాటల ప్రదర్శన రుసుము వసూలు చేసి రచయితలకు పంచే సంస్థల్లో బీఎంఐ ఒకటి. 1961లో ఆ సంస్థ అండతో, బ్రాడ్‌వే సంగీత నాటకాలకు వాద్య బృందాన్ని నడిపించే లేమన్ ఎంగెల్ (1910–1982) ఒక వర్క్‌షాప్ ప్రారంభించాడు. ఆయన పోయాక దానికి ఆయన పేరే పెట్టారు. చేరినవాళ్ల దగ్గర రుసుము తీసుకోరు, ఎంపిక మాత్రం కఠినం.

మొదటి ఏడాదంతా అప్పగించిన పనులే. అందులో పేరుపడ్డది టెనెసీ విలియమ్స్ నాటకం ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’లోని బ్లాంచ్ పాత్రకు ఒక పాట రాయడం. దీనిలో ఉన్న తెలివి కాస్త ఆగి చూడాల్సింది. బ్లాంచ్ తాతల నాటి ఎస్టేటు పోగొట్టుకుని చెల్లెలి ఇరుకింటికి వచ్చి పడిన మనిషి. వయసు బయటపడకుండా బల్బుకు కాగితపు లాంతరు తొడుగుతుంది. గడిచిన బతుకును అబద్ధాలతో కప్పుకుంటుంది. ఆమె చేత నేరుగా దుఃఖం పాడించామా, ఆ పాత్ర అక్కడే చచ్చిపోతుంది; దాచుకోవడమే ఆమె స్వభావం. మరి దాచుకునే మనిషి ఎప్పుడు పాడుతుంది, ఎవరికి వినపడాలని పాడుతుంది, నోటితో ఒకటి అంటుంటే బాణీ ఇంకొకటి ఎలా చెప్పాలి? తరగతిలో అందరూ ఇదే పని చేసి వస్తారు కాబట్టి కథ చెప్పుకునే శ్రమ లేదు. పది జంటలు పది పాటలు తెస్తే, ఒకే తలుపు దగ్గర ఎవరు ఎక్కడ తట్టుకుపడ్డారో పక్కపక్కనే కనిపిస్తుంది. నిన్న తాను చేయలేకపోయిన పనిని ఇంకొకరు చేసి చూపిస్తున్నప్పుడు కలిగే ఎరుక ఏ ఉపన్యాసంతోనూ రాదు.

సంగీత నాటకం మొదట్లోనే ప్రధాన పాత్ర తనకేం కావాలో పాడి చెప్పాలన్న సూత్రాన్ని అందరి నోటా నానేలా చేసినవాళ్లలో ఎంగెల్ ముఖ్యుడు. పాత నాటకాలను విప్పి చూసి రాబట్టిన ఇలాంటి సంగతులను ‘వర్డ్స్ విత్ మ్యూజిక్’ (1972) వంటి పుస్తకాల్లో పెట్టాడు. ఆయన దగ్గర కూర్చున్న అలన్ మెంకెన్ తర్వాత డిస్నీ ‘ది లిటిల్ మెర్‌మెయిడ్’ (1989)కు సంగీతం కట్టాడు. అందులో నీళ్లలోని అమ్మాయి నేల మీది బతుకు కోసం పాడే పాట ఆ సూత్రానికి పిల్లలకు కూడా తెలిసిన ఉదాహరణ. ‘ఎ కోరస్ లైన్’ (1975) పాటల రచయిత ఎడ్ క్లీబన్ ఇక్కడే నేర్చుకుని ఇక్కడే నేర్పాడు. ఆయన జీవితం మీద వచ్చిన ‘ఎ క్లాస్ యాక్ట్’ అనే సంగీత నాటకంలో ఈ వర్క్‌షాపుతో పాటు ఎంగెల్ కూడా రంగస్థలం మీదికి ఎక్కాడు.

జంటలు కుదరడం ఇక్కడ ఇంకో ఫలితం. లిన్ ఆరెన్స్, స్టీఫెన్ ఫ్లాహర్టీ ఇక్కడ కలిసినవాళ్లే. తర్వాత ‘రాగ్‌టైమ్’ చేశారు. రాబర్ట్ లోపెజ్, జెఫ్ మార్క్స్ ఇక్కడ కలిసి ‘అవెన్యూ క్యూ’ కట్టారు. దానికి 2004లో ఉత్తమ సంగీత నాటకంగా టోనీ అవార్డు వచ్చింది. అదే లోపెజ్‌కు కాబోయే భార్య క్రిస్టెన్ ఆండర్సన్ కూడా ఇక్కడే పరిచయమైంది. ‘ఫ్రోజెన్’ (2013) సినిమా పాటలు ఆ దంపతులవే. టామ్ కిట్, బ్రయన్ యార్కీల సంగతి ఇంకా తమాషా. 1998లో వాళ్లు వర్క్‌షాప్ కోసం పది నిమిషాల చిన్న నాటకం చేశారు. మానసిక రోగంతో కరెంటు షాక్ చికిత్సకు వెళ్లిన ఒక గృహిణి, ఆమె కుటుంబం అందులో కథ. వింటూ, మారుస్తూ, పాటలు కొట్టేస్తూ, కొత్తవి పెడుతూ ఆ పది నిమిషాలు పదకొండేళ్లకు ‘నెక్స్ట్ టు నార్మల్’ పేరుతో బ్రాడ్‌వే చేరాయి. 2010లో పులిట్జర్ బహుమతి వచ్చింది. కార్యశాలకు 2006లో టోనీ గౌరవ పురస్కారం ఇచ్చారు.

ఆ వారం పాట

బీఎంఐకి దగ్గర్లోనే, దానికి పూర్తిగా భిన్నమైన వరసలో ఇంకో కూటమి నడిచింది. గ్రీనిచ్ విలేజ్‌లో 1977లో తెరుచుకున్న కార్నీలియా స్ట్రీట్ కెఫేలో కొందరు పాటగాళ్లు కొత్త పాటలు ఒకరికొకరు వినిపించుకునేవారు. వాళ్లలో జాక్ హార్డీ (1947–2011) ఆ అలవాటును హౌస్టన్ వీధిలోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. ప్రతి సోమవారం రాత్రి తలుపు తీసి ఉంచి, వచ్చినవాళ్లకు పాస్తా వండి పెట్టేవాడు. తిండి అయ్యాక గిటారు చేతులు మారేది. నియమం ఒకటే: పాట ఆ వారం రాసినదై ఉండాలి.

ఈ నియమం చూడ్డానికి చిన్నదే గానీ పని చేసే తీరు లోతైనది. పాతపాట తెస్తే మనిషి దాన్ని కాపాడుకోవడానికి వస్తాడు, ఎవరేమన్నా జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆరు రోజుల పాట మీద అంత మమకారం ఇంకా పుట్టదు. పోతే వచ్చే వారం ఇంకొకటి. పైగా వారానికొకటి రాయాలంటే స్ఫూర్తి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కుదరదు. యాభై రెండు వారాల్లో నలభై పాటలు పనికిరానివైనా డజను మిగులుతాయి. కార్యశాలలో చెప్పే మాటల కంటే ఈ గడువే ఎక్కువ పాటలు రాయించిందేమో.

హార్డీ, అతని మిత్రులు 1982లో మొదలుపెట్టిన ‘ఫాస్ట్ ఫోక్ మ్యూజికల్ మ్యాగజైన్’ ఈ కూటమి నుంచి పుట్టిందే. పత్రికతో పాటు ఒక ఎల్‌పీ రికార్డు వచ్చేది, అందులో కొత్తవాళ్ల పాటలుండేవి. సుజాన్ వేగా, షాన్ కోల్విన్, ట్రేసీ చాప్‌మన్, లైల్ లవెట్ పేరు రాక ముందు ఇందులో పాడారు. వేగా పాట ‘టామ్స్ డైనర్’ మొదట వెలువడింది 1984లో ఈ పత్రికలోనే. వాద్యం లేకుండా ఒంటి గొంతుతో పాడిన ఆ పాటను తర్వాత జర్మన్ ఇంజినీరు కార్ల్‌హైన్ట్స్ బ్రాండెన్‌బుర్గ్ ఎంపీ3 పద్ధతిని సానబెట్టడానికి పరీక్షగా వాడుకున్నాడు. 1997 దాకా వందకు పైగా సంచికలు వెలువడ్డాయి. ఆ భాండాగారం ఇప్పుడు స్మిత్‌సోనియన్ సంస్థ దగ్గర ఉంది.

నాష్‌విల్ దారి వేరు. అక్కడ పాట వ్యాపారం. 1967లో ఏర్పడ్డ పాటల రచయితల సంఘం సభ్యుల పాటలు విని అభిప్రాయం చెప్పే సేవ నడుపుతోంది, ఊరూరా శాఖలున్నాయి. 1982లో ఏమీ కర్లండ్ తెరిచిన బ్లూబర్డ్ కెఫే సుమారు తొంభై మంది పట్టే చిన్న గది. 1985 నుంచి అక్కడ నలుగురు రచయితలు గది మధ్యలో ఎదురెదురుగా కూర్చుని వంతుల వారీగా పాడే పద్ధతి వచ్చింది. 2008లో ఆ కెఫేను రచయితల సంఘమే తీసుకుంది. అక్కడ మాట్లాడితే పక్కవాళ్లు ‘ష్’ అంటారు. అభిప్రాయం చెప్పడమంటూ ఏదీ ఉండదు గానీ, సాటి రచయిత రెండడుగుల దూరంలో కూర్చుని వింటుంటే బలహీనమైన పాదం ఏదో పాడేవాడికే తెలిసిపోతుంది.

విమర్శ ముదిరితే

1964లో లండన్‌లో జానపద గాయకులు ఇవాన్ మకాల్, పెగ్గీ సీగర్ యువ గాయకుల కోసం ‘క్రిటిక్స్ గ్రూప్’ మొదలుపెట్టారు. వారం వారం కూడి ఒకరు పాడటం, మిగిలినవాళ్లు దాన్ని విప్పి విమర్శించడం పద్ధతి. నటనకు స్తనిస్లావ్‌స్కీ చెప్పిన సూత్రాలు, కదలికకు లాబాన్ చెప్పినవి పాటకు వర్తింపజేశారు. ఏటేటా ‘ఫెస్టివల్ ఆఫ్ ఫూల్స్’ పేరుతో ఆ ఏడాది వార్తల మీద పాటలు, ప్రహసనాలు కట్టి ఆడేవారు. శాండ్రా కెర్, ఫ్రాంకీ ఆర్మ్‌స్ట్రాంగ్ వంటి మంచి గాయనులు ఇందులోనే తయారయ్యారు. ఇంత మంచి పని చేసిన గుంపు 1972 నాటికి విడిపోయింది. పేరుకు అందరూ విమర్శకులే అయినా చివరి మాట మకాల్‌దిగా ఉండిపోయింది. మొదట్లో చెప్పిన షరతు సడలడమంటే ఇదే. అందరి పాటా బల్లమీదికి రావాలి, స్థాపకుడిది కూడా.

మాటల పద్ధతిని మార్చి ఈ చిక్కును విప్పబోయినవాళ్లలో నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ ఒకరు. 1990 ప్రాంతంలో ఆమె రూపొందించిన పద్ధతి నాట్యం నుంచి పాటకూ నాటకానికీ పాకింది. ముందు విన్నవాళ్లు తమకు ఏది తగిలిందో చెబుతారు. తర్వాత ప్రశ్నలు అడిగే వంతు రచయితది. ఆపై విన్నవాళ్లు ప్రశ్నలు అడగవచ్చు గానీ ప్రశ్నలో అభిప్రాయం దాచకూడదు: ‘రెండో చరణం అంత పొడుగెందుకు?’ అన్నది ప్రశ్న కాదు, చీవాటు. ‘రెండో చరణంలో మాట్లాడుతున్నది ఎవరు?’ అన్నది ప్రశ్న. చివరికి, ‘ఫలానా దాని మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?’ అని అనుమతి అడిగి చెప్పాలి. రచయిత వద్దనవచ్చు. మొదట కాస్త నాటకంలా అనిపించే మాట నిజమే. కోపాలు లేని గుంపుకు ఇంత తంతు అక్కర్లేదు కూడా.

ఉద్యమాల శిబిరాలు

పేరు కోసం కాకుండా జనం కోసం పాట కట్టాల్సి వచ్చినప్పుడు కార్యశాల రూపం మారుతుంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో 1932లో పెట్టిన హైలాండర్ జానపద పాఠశాల ఇందుకు పేరుపొందింది. 1945–46లో దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో పొగాకు కార్మికులు సమ్మెలో పాడుకున్న ఒక చర్చి పాటను ఆ కార్మికులే హైలాండర్‌కు తెచ్చారు. అక్కడ సంగీతం చూసే జిల్ఫియా హోర్టన్ దాన్ని నేర్చుకుని, పాఠశాలకు వచ్చిన ప్రతి గుంపుకూ నేర్పింది. పీట్ సీగర్ మాటలు కాస్త మార్చాడు, 1959లో వచ్చిన గై కారవాన్ లయ మార్చాడు. ఆ ఏడే పాఠశాల మీద పోలీసులు రాత్రిపూట దాడి చేసినప్పుడు, చీకట్లో కూర్చున్న పిల్లల్లో జమీలా జోన్స్ అనే బాలిక భయం లేదంటూ ఒక చరణం కలిపింది. అదే ‘వుయ్ షల్ ఓవర్‌కమ్’. మన బడిపిల్లలకు ‘హమ్ హోంగే కామ్‌యాబ్’గా తెలిసినది దాని హిందీ రూపం. ఇందులో ఏ ఒక్కరినీ రచయిత అనలేం. పదిహేనేళ్ల పాటు సాగిన కార్యశాలే దాని రచయిత.

తెలుగునాట కూడా పాటను నలుగురూ కలిసి దిద్దుకునే అలవాటు ఎక్కువగా ఉద్యమాల చుట్టూనే పెరిగింది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దళాలు బుర్రకథను కొత్త పనికి పెట్టాయి. షేక్ నాజర్ (1920–1997) గొంతులో ఆ కళ ఎంతెత్తుకు వెళ్లిందో తెలిసిందే. బుర్రకథ అమరికలోనే ఒక సౌకర్యం ఉంది. కథకుడికి చెరో పక్కన ఇద్దరు వంతలు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ‘అదేమిటి, అర్థం కాలేదు’ అని వంత అడిగితే కథకుడు విడమరిచి చెప్పాలి. శ్రోత తరఫున అడిగే మనిషి వేదిక మీదే ఉన్నాడన్నమాట. గొల్లసుద్దుల రూపాన్ని తెలంగాణ రైతాంగ పోరాటంలో వాడిన సుద్దాల హనుమంతు నుంచి 1972లో మొదలైన జననాట్యమండలిలో గద్దర్ (1949–2023), ఉత్తరాంధ్ర జానపదాన్ని చంకనెత్తుకున్న వంగపండు ప్రసాదరావు వరకూ, జనం నోట ఉన్న బాణీని తీసుకుని మాట మార్చడమే ప్రధాన పద్ధతి. బాణీ ముందే తెలిసినది కాబట్టి జనం వంత వెంటనే అందుకుంటారు. అందుకోలేదంటే లోపం కొత్తగా పెట్టిన మాటలోనే ఉందని తేలిపోతుంది. 2002 సెప్టెంబరు 30న కామారెడ్డిలో మొదటి ధూంధాం జరిగిన నాటి నుంచి తెలంగాణ ఉద్యమ పాట ఇదే దారిలో నడిచింది.

అక్షరాస్యతా ఉద్యమం ఈ పద్ధతికి క్రమం తెచ్చింది. 1980లో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు మొదలుపెట్టిన కళాజాతా, 1987లో దేశమంతా తిరిగిన భారత జన విజ్ఞాన జాతా ద్వారా మన వైపూ వచ్చింది. ముందు కొన్ని రోజుల రచనా శిబిరం. అక్కడ పాటలు, చిన్న నాటికలు కట్టుకుంటారు. తర్వాత దళాలకు శిక్షణ శిబిరం. ఆపై ఊళ్లు. మైకు లేని వీధి మలుపులో వినపడాలి, చదువురాని మనిషి రెండోసారికే కలిసి పాడాలి అన్న రెండు కొలతలకూ ఆగని మాటను శిబిరంలోనే తీసేస్తారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో జరిగిన అక్షరాస్యతా కార్యక్రమంలో పాట, వాచకం, రాత్రిబడి చర్చ కలిసి నడిచాయి. ఆ బడుల్లోంచే 1992లో దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు.

సినిమా పాట సంగతి వేరు. అక్కడ దిద్దుబాట్లకు కొదవ లేదు. సిట్టింగుల్లో ట్యూను విని, డమ్మీ మాటలు పెట్టుకుని, పల్లవికి నాలుగైదు ఆప్షన్లు రాసిచ్చిన రచయితలు ఎందరో. కానీ అభిప్రాయం చెప్పేది దర్శకుడు, సంగీత దర్శకుడు, కొన్నిసార్లు నిర్మాత. అంటే పని ఇచ్చేవాళ్లు. వాళ్ల మాట పాటను సినిమాకు సరిపోయేలా చేస్తుంది. సాటి రచయిత ఆ గదిలో ఉండడు, ఉంటే రెండో ఆప్షన్ అతనిదే అయి ఉంటుంది.

పాటలు రాయనివాళ్ల కోసం నడిచే కార్యశాలలూ ఉన్నాయి. న్యూయార్క్ కార్నెగీ హాల్ సంగీత విభాగం 2011లో మొదలుపెట్టిన ‘లల్లబై ప్రాజెక్ట్’లో గర్భిణులు, బాలింతలు ఒక సంగీతకారుడితో కూర్చుని తమ బిడ్డ కోసం జోలపాట కట్టుకుంటారు. ఆసుపత్రుల్లో, నీడలేనివాళ్ల వసతి గృహాల్లో, జైళ్లలో కూడా నడిచింది.

కూర్చున్నాక జరిగేది

గుంపు పది మందికి మించితే పని సాగదు. మనిషికి పావుగంట చొప్పున పది మందికే రెండున్నర గంటలు పడుతుంది. ఆ తర్వాత చెవులు పనిచేయవు. పాటకు ముందు ‘ఇంకా పూర్తి కాలేదండీ, గొంతు బాగాలేదు’ అన్న సంజాయిషీలను చాలా గుంపులు ఆపేస్తాయి, ఎందుకంటే అది విన్నాక శ్రోత పాటను కాకుండా మనిషిని ఓదార్చడం మొదలుపెడతాడు. సాహిత్యం కాగితం మీద ముందే పంచాలా అన్న దాని మీద రెండు వాదాలున్నాయి. ముందే ఇస్తే మాటలను నిదానంగా చూడవచ్చు. కాగితం చేతిలో ఉంటే చెవి పనిమానేస్తుంది. మొదటిసారి ఉత్తి వినికిడి, రెండోసారి కాగితంతో అన్నది ఎక్కువమందికి నచ్చిన మధ్యేమార్గం.

బాగా నడిచే గుంపులో మొదటి ప్రశ్న బాగుందా లేదా అన్నది కాదు, ఏం విన్నారు అన్నది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎక్కడున్నారు, పాట మొదట్లో ఉన్న మనిషి చివరికి మారాడా అని తలా ఒక మాట చెబుతారు. రచయిత ఆ సేపు నోరు మెదపకుండా రాసుకోవాలి. విడిపోయిన భార్యాభర్తల మీద రాసిన పాటను ఐదుగురిలో ముగ్గురు తల్లీకూతుళ్ల పాటగా విన్నారంటే, అది మూడు అభిప్రాయాలు కాదు, ఒక వాస్తవం. పీటర్ ఎల్బో అనే అమెరికన్ అధ్యాపకుడు 1973లో రాసిన ‘రైటింగ్ వితౌట్ టీచర్స్’లో వచన రచయితల గుంపులకు చెప్పింది ఇదే: తీర్పు వద్దు, చదువుతుంటే మీలో ఏం జరిగిందో చెప్పండి చాలు.

లోపం ఎక్కడుందో చెప్పడంలో సాటివాళ్లు దాదాపు తప్పరు; దాన్ని ఎలా సరిచేయాలో చెప్పడంలో దాదాపు ఎప్పుడూ తప్పుతారు. రెండో చరణంలో ధ్యాస జారిందని నలుగురు అంటే నిజంగానే జారింది. కానీ ‘దాన్ని తీసేయండి’, ‘ఇంకో పోలిక పెట్టండి’ అన్న సలహాల్లో ఎవరి పాట వాళ్లు రాసుకుంటుంటారు. అసలు కారణం మొదటి చరణంలో ఉండవచ్చు. చెప్పాల్సిందంతా అక్కడే చెప్పేస్తే రెండో దానికి మిగిలేదేముంది? ఉస్తాదు లేని లోటు ఇక్కడ మేలుగా మారుతుంది. మందు తానే వెతుక్కోవాలి కాబట్టి పాట రాసినవాడి గొంతులోనే ఉండిపోతుంది.

పరిమితులు

గుంపు చెవికి అర్థం కావడం అంటే మోజు. నలుగురికీ ఒకే తడవలో బోధపడని మాట మీద వేలు పడుతుంది, అది మెల్లగా పాట నుంచి రాలిపోతుంది. మసకగా ఉండాల్సిన పాటలు, మూడోసారి వింటే గానీ విచ్చుకోని పాటలు ఇక్కడ దెబ్బతింటాయి. ఒకే కార్యశాలలో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్ల పాటలు ఒకే కొలతకు కుట్టిన చొక్కాల్లా అయిపోతాయన్న ఫిర్యాదు కొట్టిపారేయదగ్గది కాదు. ఇంకో జబ్బు, మెచ్చుకోళ్ల పరస్పర చెల్లింపు. చిన్న ఊళ్లలో, అందరూ అందరికీ తెలిసిన చోట ఇది త్వరగా వస్తుంది. అప్పుడప్పుడు కొత్త మనిషి గుంపులోకి రావడమే దానికి విరుగుడు. తొలి దశలో పాటను ఎవరికీ చూపకపోవడం కూడా సబబే. పల్లవి నిలబడక ముందే నలుగురి నోట పడితే అది రచయితకే పరాయిదైపోతుంది.

హక్కులు

పక్కవాడు చెప్పిన మాట పాటలో నిలిస్తే పాట ఎవరిది? నాష్‌విల్‌లో దీనికి ఒక ఆచారం ఉంది. పాట కడుతున్నప్పుడు గదిలో కూర్చున్న రచయితలందరికీ సమాన వాటా, ఎవరు ఎన్ని పాదాలు ఇచ్చారన్న లెక్క తీయరు. అది కలిసి రాయడానికి కూర్చున్నవాళ్ల మాట. కార్యశాలలో అభిప్రాయం చెప్పినవాళ్లకు వర్తించదు. భారత కాపీరైటు చట్టం (1957) ప్రకారం ఉమ్మడి రచన అంటే ఇద్దరో ముగ్గురో కలిసి పనిచేసి, ఎవరి భాగం ఎంతో విడదీయలేని రచన. చరణం నీరసంగా ఉందని చెప్పడం, ఫలానా మాట వినపడలేదని చెప్పడం ఆ కిందికి రావు. పాదాలకు పాదాలే ఎవరైనా ఇచ్చి ఉంటే లెక్క మారుతుంది. అందుకే జాగ్రత్తపరులు సమావేశం ముందరే ఒక మాట అనుకుంటారు: ఇక్కడ ఇచ్చిన సలహా ఉచితం, పాదం ఇస్తే మాత్రం పేరు పడాలి. సినిమాల్లోకి వెళ్లే పాటలకు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. 2012 సవరణ తర్వాత, సినిమా హాల్లో చిత్రంతో పాటు వినిపించడం తప్ప మిగతా వాడకాలన్నింటి మీదా వచ్చే రాయల్టీలో, హక్కులు తీసుకున్నవారితో సమానంగా, రచయితకూ స్వరకర్తకూ వాటా ఉంది. ఆ హక్కును ఒప్పందంలో వదులుకున్నా చట్టం దగ్గర అది చెల్లదు.